అధ్యక్షురాలి భర్త

మా వాడలో మహిళా సంఘం మీటింగులు మా ఇంటి అరుగు మీదే జరిగేవి. మీటింగు ఉందంటే వాడలోని మగవాళ్లంతా స్నానాలు చేసి, తలకు నూనె రాసుకుని, ఠంచనుగా వచ్చేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం వచ్చేవాళ్లు కాదు. వాళ్లకు తీరిక ఉండేది కాదు. లోపల మగ్గాల మీద ఉండేవాళ్లు.

ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. నేను వరంగల్‌లో బడికి పోయే రోజుల్లో, డెబ్బైల చివర మొదలై ఎనభైల నడుమ దాకా సాగిన సంగతి. ఆ సంఘానికి మా అవ్వ అధ్యక్షురాలు. అవ్వ అంటే మా వైపు అమ్మే. మా బాపు ఆ అధ్యక్షురాలి భర్త. ఆ రెండింటిలో ఏది పెద్ద పదవో వాడలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. జంపఖానా అంటే పెళ్లి పందిళ్లలో, సభల్లో కింద పరిచే మందపాటి నూలు గుడ్డ. దాని మీద జనం కూర్చుంటారు, పాయసం ఒలకబోస్తారు, పిల్లలు చేయకూడని పనులు చేస్తారు. దాన్ని నేసేవాళ్లకు కూడా దాని మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. బాపు దారం పోగులు తాకుతూ, “రేపు ఎవని చెప్పుల కిందికి పోతదో ఇది” అనేవాడు. కొన్నాళ్లకు పందిళ్ల వాళ్లు వీటి బదులు చవకైన మిల్లు పట్టాలు కొనడం మొదలుపెట్టారు. మగ్గాలు ఖాళీ అయ్యాయి. బాపు నేతగాళ్ల సొసైటీకి ప్రెసిడెంటు కనుక చాయ్ హోటల్‌లో కూర్చుని ఆ కష్టం గురించి అందరికీ వివరించే బాధ్యత తీసుకున్నాడు. మగ్గం మీద కంటే ఆ బెంచీ మీదే ఆయన ఎక్కువ కాలం గడిపాడు.

అవ్వ పని వేరు. నూలు నానబెట్టడం, రంగులో ముంచడం, ఆరబెట్టడం, రాట్నం మీద కండెలు చుట్టడం. బడి నుంచి రాగానే నా పని కూడా ఆ రాట్నమే. మగ్గం మాత్రం ఆడవాళ్లు ముట్టేది కాదు. ఆడది మగ్గం తొక్కేందుకు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెడితే ఇంటికి అరిష్టమని మా నాయినమ్మ గట్టి నమ్మకం. ఆ గుంట పక్కనుంచి పోయేటప్పుడు కూడా చీర కొంగు తగలకుండా పట్టుకుని పోయేది.

అట్లాంటి రోజుల్లో హైదరాబాదు సేటు ఒకాయన మా వాడకు వచ్చి, జర్మనీ దేశం వాళ్లకు మన జంపఖానాలు కావాలన్నాడు. వాళ్లు వాటిని కింద పరుచుకోరట, గోడలకు తగిలించుకుంటారట. బాపు ఆ మాట నమ్మడానికి చాలాసేపు పట్టింది.

“గోడకా? గోడకెందుకు సేటూ? వాళ్ల గోడలు పలిగినయా?”

“ఎందుకన్న గానీ, నువ్వు నెయ్యి” అన్నాడు సేటు.

ఆర్డరు పెద్దది. గడువు చిన్నది. వాడలో ఉన్న మగవాళ్లంతా బెంచీల మీద నుంచి లేచి వచ్చినా తెమిలేది కాదు, పైగా వాళ్లు అంత త్వరగా లేవరు కూడా. బాపు రెండు రోజులు తల పట్టుకుని తిరిగి, చివరికి నాయినమ్మ మంచం దగ్గర కూర్చున్నాడు. అరిష్టం సంగతి ఆమెతోనే తేల్చుకోవాలి కదా.

నాయినమ్మ ఆలోచించింది. “తలుపేసుకోని నెయ్యమను” అంది. “తలుపేసినంక అరిష్టం లోపటికెట్ల వస్తది?”

ఆ మధ్యాహ్నం నుంచే మా వాడలో వెనక మగ్గాలున్న గదుల తలుపులు మూసుకున్నాయి. లోపల ఆడవాళ్లు గుంటల్లో దిగారు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని కండెలు అందించిన వాళ్లకు నేత కొత్తేం కాదు. కూలీ మాత్రం మామూలుగానే సొసైటీ ఆఫీసులో మగవాళ్ల చేతికి వచ్చేది. బాపు దాన్ని తెచ్చి గూట్లో పెట్టి, “ఈ నెల చేతులు పడిపోయినయే” అంటూ అవ్వ ముందు భుజాలు ఒత్తుకునేవాడు. అవ్వ లోపలికి పోయి తలుపేసుకునేది.

అట్లా రెండు మూడు ఆర్డర్లు పోయాక, సరుకు కొనే వాళ్లు జర్మనీ నుంచి స్వయంగా వస్తున్నారని సేటు కబురు పెట్టాడు. వాడకు సున్నాలు వేశారు. మోరీలో బ్లీచింగు చల్లారు. బ్యాండు మేళం మాట్లాడారు. మగవాళ్లందరూ ఇస్త్రీ అంగీలు తొడుక్కుని ముందు గదుల్లోని మగ్గాల మీద కూర్చున్నారు. ఇస్త్రీ అంగీతో మగ్గం మీద కూర్చున్న నేతగాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

వాడలోని ఆడవాళ్లందర్నీ మా ఇంట్లోకి తోలారు. బాపు గడపలో నిలబడి హెచ్చరించాడు.

“ఎవ్వలు బయటికి రాకుండ్రి. పరదేశపాయన వస్తాండు. జర మర్యాదగ ఉండాలె.”

“మరి వెనక మగ్గం మీద సరుకు సగమే అయింది గద?” అని అవ్వ అడిగింది.

“నువ్వు నెయ్యి. సప్పుడు కాకుండ నెయ్యి.”

చప్పుడు కాకుండా మగ్గం ఎట్లా నేస్తారో నాకు తెలియదు. బాపుకు కూడా తెలియదు, ఆయన చెప్పడం వరకే.

జీపు వచ్చింది. అందులోంచి ఇద్దరు తెల్లవాళ్లు దిగారు. ఒకాయన తాటిచెట్టంత పొడవు, మెడలో కెమెరా. ఇంకొకామె పొట్టి జుట్టు, ప్యాంటు, భుజానికి గుడ్డ సంచి. వెంట సేటు గుమాస్తా. దిగీ దిగగానే బ్యాండు మొదలైంది. బాపు బంతిపూల దండ తీసుకుని నేరుగా పోయి పొడుగాయన మెడలో వేశాడు. గుమాస్తా చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు కానీ బ్యాండులో ఎవరికీ వినపడలేదు. బాపు ఆయనను నమస్కారంతోనే పక్కకు జరిపి, ఆ తెల్లామెను చూపించి మా గడప వైపు తిరిగి కేకేశాడు.

“దొరసానమ్మను లోపటికి తీస్కపోండ్రి. ఎండల వచ్చింది. జర సల్ల పొయ్యండ్రి.”

ఆమె ఏమనుకుందో గాని, నవ్వుకుంటూ లోపలికి వచ్చింది. మేమందరం చుట్టూ చేరాం. నాయినమ్మ ఆమె నెత్తి నిమిరి చూసి జాలిపడింది. “అయ్యో బిడ్డా, దేవునికి మొక్కుకున్నవా? గిప్పుడే మొలుస్తాన్నయి” అంది. ఆమె చల్ల తాగింది. ఇంకో గ్లాసు తాగింది. బయట బ్యాండు ఆగింది, బాపు ఉపన్యాసం మొదలైంది. మా తాత ముత్తాతలు, మగవాడి చేతి బలం, నేతగాడి చెమట, అన్నీ ఆ పొడుగాయనకు తెలుగులో చెబుతున్నాడు. ఆయన దండలోంచి తల ఊపుతున్నాడు.

బ్యాండు ఆగాక వెనక గదిలోంచి మగ్గం చప్పుడు వినిపించింది. ఆమె చెవి అటు తిప్పింది. గ్లాసు కింద పెట్టి, తలుపు తోసింది.

అవ్వ గుంటలో ఉంది. తలుపు తెరుచుకోగానే దారం నడిపే నాడె చేతిలోనే పట్టుకుని బిగుసుకుపోయింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తెల్లామె గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని, మగ్గం మీది గుడ్డను అరచేత్తో తడిమి, సంచిలోంచి ఒక ముక్క తీసి పక్కన పెట్టింది. అవే రంగులు, అదే అల్లిక. ముందటి ఆర్డరులోది. ఆ ముక్కనూ అవ్వనూ మార్చి మార్చి వేలితో చూపించి ఏదో అడిగింది.

“ఇంకెవ్వలు?” అంది అవ్వ గొణుగుతూ.

ఆ మాట ఆమెకు అర్థమై ఉండదు. అన్న తీరు అర్థమైంది. లేచి అవ్వ చెయ్యి పట్టుకుని, గుంటలోంచి లేపి, గదిలోంచి దాటించి, గడప దాటించి, ఉపన్యాసానికి చేరిన ఇస్త్రీ అంగీల మధ్యకు తెచ్చి నిలబెట్టింది. అవ్వ కొంగు పళ్లతో పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. బాపు ఉపన్యాసం మధ్యలో తెగిపోయింది. గుమాస్తాకు అప్పటికి గొంతు దొరికింది.

“అన్నా! కొనేటామె గీమెనే! ఆయన ఉత్త ఫొటోలు తీసెటాయన!”

బాపు చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఇంకో దండ తెప్పించలేదు కనుక, పొడుగాయన మెడలోది తీసి ఆమెకు వేయబోయాడు. ఆయన పొడుగు, బాపు పొట్టి. దండ ఆయన కళ్లజోడులో ఇరుక్కుంది. అంతసేపూ ఆమె ఓపిగ్గా నిలబడి, తర్వాత అడిగింది. గుమాస్తా తెలుగులో చెప్పాడు.

“ఇవి నేసేది మీరా, ఆడోళ్లా అని అడుగుతాంది.”

“మేమే” అన్నాడు బాపు. “ఆడోళ్లు ఏదో ఉత్తగ జర సాయం పడుతరు.”

ఆమె ఇంకా ఏదో చెప్పింది. గుమాస్తా వింటూ వింటూ బాపు వైపు అదోలా చూశాడు. “వాళ్ల దేశంల ఈ సరుకు కొనేది ఎక్కువ ఆడోళ్లేనట. ఆడోళ్లు నేసిందని తెలిస్తే ఇంక ఎక్కువ కొంటరట, ధర గూడ ఎక్కువ పెడుతరట. కానీ మీరే నేస్తాన్రంటే మరి...”

బాపు ఒక్క రెప్పపాటు కూడా తీసుకోలేదు.

“అయ్యో, ఆమెకు సరిగ చెప్పు తమ్మీ! మా దగ్గర మగోళ్లు మగ్గం ముట్టనే ముట్టరు!”

ఇస్త్రీ అంగీలన్నీ తలలూపాయి. మగవాడి చేతి బలం, నేతగాడి చెమట ఆ క్షణాన మా వాడ నుంచి సెలవు తీసుకున్నాయి.

తర్వాత ఫొటో. సరుకుకు కట్టే అట్ట మీద నేసిన ఆడమనిషి బొమ్మ వేస్తారట. పరాయి మగవాడు అవ్వ ఫొటో తీయడమా అని బాపు కాసేపు బాధపడ్డాడు, ఆర్డరు సంగతి గుమాస్తా గుర్తు చేయగానే కుదుటపడ్డాడు. అవ్వ లోపలికి పోయి తనకున్న వాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ నైలాన్ చీర, మీద పెద్ద పెద్ద గులాబీలు. ఆ రోజుల్లో నైలాన్ చీరంటే వాడలో అందరికీ ప్రాణం. ఉతికితే తొందరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, చిరగదు. ఆ చీరను చూడగానే తెల్లామె మొహం వాడిపోయింది.

“పాత చీర కట్టుకోమంటాంది వదినా. నూలుది” అన్నాడు గుమాస్తా ఇబ్బంది పడుతూ.

“మంచిది ఉండంగ పాతదెందుకు?”

“నేసేటామె నైలాన్ కడితే వాళ్లకు బాగనిపియ్యదట.”

“ఆమెకు బాగనిపిస్తే ఆమెనే కట్టుకొమ్మను” అని అవ్వ నాకు మాత్రం వినపడేలా అంది. కానీ పోయి నాయినమ్మ నూలు చీర కట్టుకుంది. దానికి మోకాలి దగ్గర మాసిక ఉంది. తెల్లామె సంతోషపడింది. ఆ మాసిక కనిపించేలా కూర్చోమంది. మమ్మల్ని మనుషుల్లా చూసిన మొదటి దొరసాని ఆమె. కానీ పేదగా కనపడే మనుషుల్లా చూడ్డం ఆమెకు ఇష్టం. మా వాడ మగవాళ్లకు ఆడవాళ్లు కనపడకుండా ఉంటే మేలనిపించేది. ఆమెకు మాసికతో కనపడితే మేలనిపించింది. రెండిటి మధ్యా అవ్వ గుంటలో కూర్చుని, నవ్వమంటే నవ్వకుండా, ఫొటో దిగింది.

మహిళా సంఘం అట్లా పుట్టింది. ఆర్డరు ఆ సంఘం పేరు మీదే వస్తుందన్నారు కనుక వారం తిరక్కుండానే బోర్డు రాయించారు. అధ్యక్షురాలు అవ్వ. అవ్వకు సంతకం వచ్చు, నాలుగో తరగతి దాకా చదువుకుంది. బాపు దానికి కొంచెం నొచ్చుకున్నాడు. వేలిముద్ర అయితే ఆమె నిద్రలో ఉన్నా వేయించుకోవచ్చు, సంతకానికి మనిషిని లేపాలి. మిగతా పదవులన్నీ పక్కింటి, ఎదురింటి ఆడవాళ్లకు పంచారు. ఇక మీటింగులు. అవి అరుగు మీద ఎట్లా నడిచేవో నేను రాట్నం దగ్గర నుంచి వినేదాన్ని.

“ఉపాధ్యక్షురాలు ఏడున్నడయా?”

“కల్లుకు పోయిండు. వస్తా అన్నడు.”

“కోశాధికారిణీ, బీడీ ఒకటియ్యి.”

వాళ్లలో ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. పదవి అంటే పదవే. బాపు పేరు చివర బోర్డు మీద ‘సలహాదారు’ అని ఉండేది. ఆయన అవ్వకు ఇచ్చిన సలహా మాత్రం నాకు ఒక్కటే గుర్తుంది. “ఎవ్వలన్న వచ్చి ఏమన్న అడిగితే మంచిగనే ఉన్నదను. అంతే.”

ఏడాది దాటాక తెల్లామె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే. గుమాస్తాను వద్దని, మాట్లాడి పెట్టడానికి హన్మకొండలో యూనివర్సిటీలో చదివే అమ్మాయిని వెంట తెచ్చుకుంది. ఆ అమ్మాయిది హసన్‌పర్తి వైపు. మా మాటే మాట్లాడేది. బాపుకు ఆమెను చూడగానే మనసు కీడు శంకించింది. గుమాస్తా అయితే సగం చెప్పి సగం మింగేవాడు.

మీటింగుకు అందరూ రావాలని తెల్లామె పట్టు పట్టింది కాబట్టి, ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి మగవాళ్లు వాళ్ల వెనక గోడలా నిలబడ్డారు. తెల్లామె సంచిలోంచి అట్ట తీసింది. నిగనిగలాడే అట్ట. దాని మీద అవ్వ, మగ్గం, నాయినమ్మ చీర, మాసిక. కింద నాలుగు వరుసలు అచ్చు. అది అందరి చేతులూ తిరిగి అవ్వ దగ్గరికి వచ్చింది.

“ఏమి రాసిన్రు బిడ్డా దీని మీద?” అని అవ్వ ఆ అమ్మాయిని అడిగింది.

అమ్మాయి చదివి, కొంచెం మొహమాటపడుతూ చెప్పింది. “ఈ పోగుల నిండ ఒక తల్లి పాట ఉన్నదట చిన్నమ్మా. ఆమె పాడుకుంట నేసిందట.”

“పాటనా? నేనెప్పుడు పాడిన?” అంది అవ్వ. పక్కనున్నవాళ్ల వైపు తిరిగింది. “వదినా, నువ్వు పాడినవా?”

“నేను పోగు తెగినప్పుడల్ల తిట్టిన. అది పాటనో ఏమో” అంది ఎదురింటి వదిన.

ఆడవాళ్లు నవ్వారు. అట్లా గుంపుగా, బయట, మగవాళ్ల ముందు నవ్వడం నేను మొదటిసారి చూశాను. తెల్లామెకు అర్థం కాక ఆమె కూడా నవ్వింది. తర్వాత అడిగింది, మీకేం కావాలి అని. వెనక నుంచి బాపు గొంతు సవరించుకున్నాడు. ఆయన అనుకున్న జవాబు వస్తుందని ఎదురుచూశాడు.

అవ్వ అట్టను ఒళ్లో పెట్టుకుంది. నెత్తి మీది కొంగు జారితే సర్దుకోలేదు.

“మా పేరు మీద మీటింగులు అయితాన్నయట” అంది. “ఒక్కపారి మేము గూడ రావచ్చునా?”

అమ్మాయి అది ఇంగ్లిష్‌లో చెప్పింది. తెల్లామె తల తిప్పి గోడలా నిలబడ్డ మగవాళ్లను చూసింది. లేచి, చేతులు జోడించి, మెట్ల వైపు చూపించింది. సరుకు కొనే మనిషి చూపిస్తే పోక తప్పదు. ఒక్కొక్కరూ దిగిపోయారు. సలహాదారు అందరికంటే చివర దిగాడు. నాయినమ్మ కర్ర పట్టుకుని మెట్టు మీద కాపలా కూర్చుంది. అరిష్టం సంగతి తేల్చిన మనిషే కదా, ఆ రోజు ఎటు వైపు ఉండాలో కూడా ఆమే తేల్చుకుంది.

మగవాళ్లు వీధి అవతల చింతచెట్టు కింద చేరారు. నన్ను పిలిచి బాపు అడిగాడు.

“ఏం మాట్లాడుతాన్రు బిడ్డా?”

“కొట్లాడుకుంటాన్రు.”

బాపు మొహం వెలిగింది. “నేను చెప్పలే?”

కొట్లాట నిజమే. కోశాధికారిణి పదవి ఎవరికని గంటసేపు అరుచుకున్నారు. పాత కక్షలన్నీ బయటికి వచ్చాయి, పొయ్యి మీది నుంచి ఎవరి కోడిని ఎవరు ఎత్తుకుపోయారో కూడా. కానీ అరుస్తూనే కొన్ని తేల్చారు. కూలీ ఎవరు నేస్తే వాళ్ల చేతికే. చీకటి పడ్డాక మగ్గం ఆపాలి. ముందు గదుల్లో వెలుతురు ఉంటుంది, మగ్గం అక్కడ నేయాలి, తలుపు తెరిచి. కళ్లు పోతున్నాయని అందరి బాధ. నాయినమ్మ వెనక్కి తిరిగి, “ఇన్నొద్దులు ఎందుకు సెప్పలేదే?” అని అవ్వను కసిరింది.

బాపు మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆకలితో మాట్లాడాడు. కూలీ అవ్వ చేతికి వచ్చిన మొదటి నెల ఆయన చాయ్ హోటల్‌కు పోయే ముందు గడపలో నిలబడి దగ్గేవాడు. అవ్వ కాసేపు దగ్గనిచ్చి, చిల్లర తీసి ఇచ్చేది. అంతకు ముందు అదే గడపలో అవ్వ అట్లా నిలబడేదని మా ఇద్దరిలో ఎవరమూ ఆయనకు గుర్తు చేయలేదు.

ఇట్లా మూడు నాలుగేళ్లు నడిచింది. ఒకామె కూతుర్ని కాలేజీకి పంపింది. ఒకామె మొగుణ్ణి ఇంటి నుంచి పంపింది. ఎవరి అవసరం వాళ్లది. ఆ తర్వాత ఆర్డర్లు సన్నబడి, ఎనభైల నడుమ ఒక ఏడాది అసలు రాలేదు. సేటును అడిగితే, అక్కడ ఇప్పుడు గోడలు ఖాళీగా ఉంచుకోవడమే అందమని అనుకుంటున్నారట అన్నాడు. వాళ్లు గోడ మీద ఏదో ఒకటి ఉండాలనుకున్నప్పుడు మా ఆడవాళ్లకు తలుపు తెరుచుకుంది. ఏమీ వద్దనుకోగానే మూసుకుంది. రెండు సార్లూ మా వాడను ఎవరూ అడగలేదు.

చింతచెట్టు కింది వాళ్లకు మాత్రం కారణం వెంటనే దొరికింది. “ఆడోళ్ల చేతుల పెడితే గిట్లనే అయితది” అన్నారు. ఆర్డరు వచ్చినప్పుడు అది బాపు ఉపన్యాసం మహిమ. పోయినప్పుడు అవ్వ అధ్యక్షత లోపం. జర్మనీ గోడల సంగతి వాళ్లకు చెప్పినా వినేవాళ్లు కాదు.

కొందరు బీడీలకు మళ్లారు. అవ్వ ఎదురింటి వదినను తోడు తీసుకుని, మిగిలిన జంపఖానాలు మూట కట్టుకుని, హన్మకొండలో పెళ్లి పందిళ్లు అద్దెకిచ్చే దుకాణానికి బయలుదేరింది. మిల్లు పట్టాలు రెండు సీజన్లకే పీలికలవుతున్నాయని ఆమె ఎక్కడో విన్నది. ఆడవాళ్లు ఒక్కళ్లే బజారుకు పోతే ఎట్లా అని బాపు కూడా వెంట వచ్చాడు. వెంట వచ్చాడు కాబట్టి మూట ఆయన నెత్తి మీదికి ఎక్కింది. నాకు బడి సెలవు, నేనూ పోయాను.

దుకాణదారు అవ్వ వైపు చూడకుండా బాపును అడిగాడు. “ఏం రేటు పెద్దమనిషీ?”

బాపుకు రేటు తెలియదు. దారం ధర ఎంతయిందో, ఎన్ని రోజుల పని పట్టిందో కూడా తెలియదు. మూట దింపి చెమట తుడుచుకుని, “ఆమెనడుగు” అన్నాడు.

అవ్వ చెప్పింది. దుకాణదారు తగ్గించమన్నాడు. అవ్వ మూట కట్టడం మొదలుపెట్టింది. ఆయన ఉండమన్నాడు. మొత్తం కొనలేదు, సగం కొన్నాడు. మిగతావి తిరిగి మోసుకొచ్చాం, అంటే బాపు మోసుకొచ్చాడు.

ఆ సాయంత్రం అన్నానికి పిలవడానికి నేను చాయ్ హోటల్‌కు పోయాను. బాపు బెంచీ మీద ఉన్నాడు, చుట్టూ పాత ఉపాధ్యక్షురాళ్లు, కోశాధికారిణులు.

“బేరం ఎట్ల చెయ్యాల్నో మా దానికి నేనే నేర్పిన” అంటున్నాడు. “ముందుగాల మూట విప్పాలె, వాడు మాట తేలగొడితే మళ్ల కట్టాలె. గంతే.”

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి అవ్వకు మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆమె కంచంలో బాపుకు అన్నం పెడుతోంది. చెయ్యి ఆపలేదు.

“అననియ్యి బిడ్డా” అంది. “గట్ల అనుకుంటనే రేపు గూడ మూట మోస్తడు.”

మర్నాడు మోశాడు కూడా. ఈసారి హన్మకొండ దాటి, కాజీపేట దాకా.